నులివెచ్చని నీళ్లు ఎక్కడివి? లవొదికయ లేఖను మళ్లీ చదివిన అనుభవం

బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం మూడో అధ్యాయంలో, క్రీస్తు మాటలుగా లవొదికయ సంఘానికి రాసిన లేఖను నా పరిచర్యలో నేను ఎన్నోసార్లు బోధించాను. ఇరవైమంది దాకా పెద్దలు ఉన్న ఒక వాక్యధ్యాన బృందంలో అదే లేఖను మరోసారి చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు ఎదురయ్యాయి. వాటివల్ల నా పాత పాఠాన్ని మొత్తంగా విప్పి మళ్లీ కట్టుకోవలసి వచ్చిన తీరును ఇక్కడ వివరంగా రాస్తున్నాను. లేఖనాన్ని దాని చారిత్రక, సాంస్కృతిక నేపథ్యంలో చదవాలని గట్టిగా నమ్మేవారిలో నేనూ ఒకణ్ణి. అయితే ఆ నేపథ్యాన్ని కూడా లేఖనాన్ని పరీక్షించినంత జాగ్రత్తగా పరీక్షించాలన్న సంగతి నాకు పూర్తిగా తెలిసివచ్చింది ఈ నాలుగు వారాల్లోనే.

మేము చదివిన మాట ఇది: “నీ క్రియలను నేనెరుగుదును, నీవు చల్లగానైనను వెచ్చగానైనను లేవు, నీవు చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు. నీవు వెచ్చగానైనను చల్లగానైనను ఉండక, నులివెచ్చనగా ఉన్నావు గనుక నేను నిన్ను నా నోటనుండి ఉమ్మివేయ నుద్దేశించుచున్నాను” (ప్రకటన 3:15-16).

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఈ వచనానికి మన సంఘాల్లో వాడుకలో ఉన్న అర్థం అందరికీ తెలిసిందే. వెచ్చదనం భక్తిలోని ఆసక్తి, చల్లదనం అవిశ్వాసం లేదా విరోధం, నులివెచ్చదనం ఈ రెండింటి మధ్య ఊగిసలాట. మొదటి వారం నేను ఈ అర్థాన్ని ప్రస్తావించగానే ఒక తల్లి లేచి, “అయ్యగారూ, మా అబ్బాయి విశ్వాసం వదిలేసి పదేళ్లయింది. నేను ప్రార్థనకు వస్తున్నాను గానీ మునుపటి ఆసక్తి నాలో లేదు. అయితే ప్రభువుకు నాకంటే వాడే నయమా? నేనూ వదిలేస్తేనే మేలా?” అని అడిగారు.

ఆమె వాదించడానికి అడగలేదు, బాధతో అడిగారు. అయినా ఆ ప్రశ్నలో వ్యాఖ్యానపరమైన బలం ఉంది. చల్లదనమంటే అవిశ్వాసమే అయితే, క్రీస్తు తన సంఘంతో “నీవు అవిశ్వాసిగానైనా ఉంటే బాగుండేది” అని చెప్పినట్టవుతుంది. తప్పిపోయినవారిని వెదకి రక్షించడానికి వచ్చినవాని నోట ఆ కోరిక ఎలా వస్తుంది? పట్టించుకోనివానికంటే బాహాటంగా ఎదిరించేవాడే త్వరగా మారతాడని కొందరు దీనికి సమాధానం చెబుతారు. అది అనుభవంలో అక్కడక్కడా నిజమే కావచ్చు గానీ, వచనంలో మాత్రం ఆ మాట లేదు.

ఆ రోజు నేను ఆమెకు చెప్పిన జవాబు నా దగ్గర ఏళ్లుగా సిద్ధంగా ఉన్నదే. లవొదికయకు ఉత్తరాన ఉన్న హియెరాపొలిలో వేడి ఊటలుండేవి. తూర్పున కొలొస్సయిలో చల్లని మంచినీరు ఉండేది. హియెరాపొలి వేడినీరు గొట్టాల గుండా లవొదికయకు చేరేసరికి నులివెచ్చబడి, తాగినవారికి వాంతి వచ్చేది. కాబట్టి చల్లదనమూ మంచిదే, వెచ్చదనమూ మంచిదే, దేనికీ పనికిరానిది నులివెచ్చదనమే అని చెప్పాను. ఆమె ముఖం తేటపడింది. నేనూ తృప్తిపడ్డాను.

ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న

రెండో వారం, నీటి సరఫరా పనిలో జీవితమంతా గడిపి విరమించిన ఒక పెద్దాయన తన బైబిలు వెనకనున్న పటం తెరిచి చూపించి, “హియెరాపొలి నదికి అవతలి ఒడ్డున ఉంది గదండీ. లవొదికయ ఇవతల, గుట్టమీద ఉంది. ఆ నీరు అంత లోయలోకి దిగి, నది దాటి, మళ్లీ ఇంత ఎత్తుకు ఎక్కిందా? అసలు అటునుంచే వచ్చిందని ఎవరు చెప్పారు?” అని అడిగారు.

ఎవరు చెప్పారో నేను చెప్పలేకపోయాను. ప్రసంగాల్లో విన్నాను, ఎక్కడెక్కడో చదివాను, అంతే. వచ్చేవారం జవాబు తెస్తానని ఒప్పుకొని ఇంటికి వెళ్లాను. బోధకుడు మొదట చేయవలసిన పనిని నేను చివరికి గానీ మొదలుపెట్టలేదు.

నీటి దారి

లవొదికయ నేటి తుర్కియే దేశంలో, లూకస్ నది లోయలో, దెనిజ్లి నగరానికి దగ్గరగా ఉంది. క్రీ.పూ. మూడో శతాబ్దంలో రెండవ అంతియొకస్ రాజు తన భార్య లవొదికె పేరిట ఈ పట్టణాన్ని నెలకొల్పాడు. ఉత్తరాన సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, లోయ అవతలి అంచున హియెరాపొలి ఉంది. అక్కడి వేడి ఊటలు సున్నాన్ని పేర్చుకుంటూ పోయి తెల్లటి మెట్లలా గట్టిపడిన కొండనే నేడు పముక్కలె అంటున్నారు. తూర్పుదిక్కున మరికొంత దూరంలో కొలొస్సయి ఉంది. ఈ మూడు పట్టణాల సంఘాలు ఒకే బంధంలో ఉండేవని కొలొస్సయులకు రాసిన పత్రికలోనే కనిపిస్తుంది. పౌలు తోటి పరిచారకుడైన ఎపఫ్రా ఈ మూడింటి కొరకు ప్రయాసపడ్డాడని పౌలు రాశాడు (కొలొస్సయి 4:13).

ఇంతవరకు నా పాఠం సరిగానే ఉంది. తప్పు జరిగింది గొట్టాల దగ్గర. లవొదికయ శిథిలాల్లో రాతి గొట్టాలు, మట్టి గొట్టాలు, నీటిని పంచిన బురుజు బయటపడ్డాయి. గొట్టాల లోపల సున్నం దట్టంగా పేరుకుపోయి ఉంది. అయితే ఆ కాలువ వచ్చింది దక్షిణం నుండి, దెనిజ్లి వైపు ఊటల నుండి. ఉత్తరాన ఉన్న హియెరాపొలితో దానికి సంబంధమే లేదు. పెద్దాయన పటం చూసి పట్టుకున్నది సరిగ్గా ఇదే. మధ్యలో పల్లం వచ్చిన చోట గొట్టాలను మూసి, ఒత్తిడితో నీటిని మళ్లీ పైకెక్కించే పద్ధతి ఆ కాలువలో నిజంగానే ఉందని తెలిసి ఆయన ఎంతో సంతోషించారు. కానీ దిక్కు మాత్రం వేరు.

ఈ కథకు మూలం వెదికితే, లవొదికయ లేఖలోని నులివెచ్చదనాన్ని ఆ లోయలోని నీళ్లతో ముడిపెట్టి 1958లో రడ్విక్, గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు చేసిన ప్రతిపాదన కనిపించింది. హియెరాపొలి వేడినీరు వైద్యానికి, కొలొస్సయి చన్నీరు దాహానికి పనికొస్తాయి, లవొదికయ నీరు ఈ రెంటికీ కొరగాదు అన్నది వారి ఆలోచన. అది చేతులు మారేకొద్దీ, హియెరాపొలి నీరే గొట్టాల్లో ప్రయాణించి చల్లారిందన్న కథగా మారిపోయింది. నేను బోధించింది ఆ మారిన కథను.

మూల ప్రతిపాదన మీద కూడా గట్టి అభ్యంతరాలున్నాయని తెలుసుకోవడం నాకు ఇంకా కష్టమైంది. క్రెయిగ్ కోస్టర్ అనే నూతన నిబంధన పండితుడు 2003లో వాటిని వివరంగా ముందుపెట్టాడు. క్రీస్తు కాలానికి దగ్గరగా జీవించిన భూగోళ రచయిత స్ట్రాబో, లవొదికయ పరిసరాల నీళ్లు రాయిగా గట్టిపడే గుణం కలవని చెబుతూనే అవి తాగడానికి పనికొస్తాయని రాశాడు. గొట్టాల్లో సున్నం పేరుకోవడం సున్నపునేలలున్న ఏ ప్రాంతంలోనైనా జరిగేదే, లవొదికయకే ప్రత్యేకం కాదు. ఇక క్రీ.శ. 114 నాటి ఒక పాలరాతి శాసనం అక్కడే దొరికింది. పట్టణపు నీటిని పాడుచేసేవారికి, అక్రమంగా మళ్లించుకొనేవారికి అధిపతి విధించిన జరిమానాలు అందులో చెక్కి ఉన్నాయి. ప్రకటన గ్రంథం రోమా చక్రవర్తి దొమితియన్ పాలన చివరలో, అంటే క్రీ.శ. 95 ప్రాంతంలో రాయబడిందన్న రెండో శతాబ్దపు సంఘ రచయిత ఐరేనియస్ సాక్ష్యాన్ని అంగీకరిస్తే, ఈ శాసనం దానికి ఇరవై ఏళ్ల లోపు వెలసినదే. తాగగానే కక్కుకొనే నీటిని ఏ పట్టణమూ అంత శ్రద్ధగా కాపాడుకోదు.

కథ పోయాక మిగిలింది

ఇక్కడ నాకు నిజమైన భయం పట్టుకుంది. గొట్టాల కథ కూలిపోతే, ఆ తల్లికి నేనిచ్చిన జవాబు కూడా దానితోపాటు కూలిపోతుందా? ఆదరణకోసం ఒక అబద్ధాన్ని ఆమె చేతికిచ్చానా? మూడో వారానికి ముందు రోజుల్లో నేను చేసిన పనంతా ఈ ప్రశ్న చుట్టూ తిరిగింది.

నేపథ్యాన్ని పక్కనపెట్టి ముందు వచనాన్నే చదివాను. “చల్లగానైనను వెచ్చగానైనను ఉండిన మేలు” అన్న మాటలో చల్లదనం, వెచ్చదనం ఒకే పక్కన నిలబడ్డాయి. వాటికి ఎదురుగా ఉన్నది నులివెచ్చదనం ఒక్కటే. వాడుకలో ఉన్న అర్థమేమో చల్లదనాన్ని ఒక చివర, వెచ్చదనాన్ని మరో చివర పెట్టి, నులివెచ్చదనాన్ని మధ్యలో నిలుపుతుంది. వచనంలోని అమరిక అది కాదు.

తరువాత మాటలను చూశాను. గ్రీకులో ఇక్కడ “చల్లని” అన్న అర్థంలో వాడిన ప్సుఖ్రోస్ అనే పదం నూతన నిబంధనలో ఈ వచనాల వెలుపల కనిపించేది, శిష్యుడని ఒకనికి గిన్నెడు చన్నీళ్లు ఇచ్చినవాడు తన ఫలం పోగొట్టుకోడని యేసు చెప్పిన చోట (మత్తయి 10:42). అక్కడ చల్లదనం దయకు గుర్తు. దూరదేశం నుండి వచ్చిన శుభసమాచారం దప్పిగొన్నవానికి చల్లని నీటివంటిదని సామెతలు 25:25 చెబుతుంది. మన తెలుగులోనూ ఈ రెండు వైపులా ఉన్నాయి: “చల్లగా ఉండు” అని దీవిస్తాం, “భక్తి చల్లారిపోయింది” అని బాధపడతాం. ఈ లేఖ చదివేటప్పుడు రెండో వాడుకే మన చెవిలో మోగుతుంది, ఎందుకంటే మనకు ఆ పాఠాన్ని అలాగే నేర్పారు.

ఇంకొక సంగతి కూడా గమనించాను. గ్రీకులో “వెచ్చని” అన్న చోట ఉన్న జెస్టోస్ అనే పదం మరగడం అనే క్రియనుండి వచ్చింది. అంటే మరిగే వేడి. తెలుగులో “వెచ్చ”, “నులివెచ్చ” పక్కపక్కనే ఉన్న మాటలు కావడంతో మూలంలోని తేడా మనకు పలచబడి వినిపిస్తుంది. “ఉమ్మివేయ” అని మనం చదువుతున్న క్రియ గ్రీకులో ఇంకా తీవ్రమైనది, దానికి కక్కివేయడం అని అర్థం.

ప్రతిపక్షానికి ఉన్న బలాన్ని దాచడం న్యాయం కాదు. జెస్టోస్‌కు మూలమైన ఆ క్రియనే పౌలు రోమా 12:11లో ఆత్మయందు తీవ్రతగలవారై ఉండాలని చెప్పడానికి వాడాడు. అక్రమం విస్తరించడంచేత అనేకుల ప్రేమ చల్లారుతుందని యేసు చెప్పిన మాట మత్తయి 24:12లో ఉంది. లవొదికయ లేఖలోనే 19వ వచనం “ఆసక్తి కలిగి మారుమనస్సు పొందుము” అంటుంది. కాబట్టి వేడిని ఆసక్తితో పోల్చడం ఎవరో కల్పించినది కాదు. అయితే ఈ ఆధారాలన్నీ వేడి మంచిదని చూపుతాయి గానీ, ఈ వచనంలో చల్లదనం చెడ్డదని చూపవు. “చల్లగానైనను ఉండిన మేలు” అన్న మాటకు పాత అర్థం ఇప్పటికీ జవాబు చెప్పలేకపోతోంది.

భోజనపు బల్ల

నేపథ్యం నాకు తిరిగి దొరికింది ఇంకోచోట. రోమా ప్రపంచంలో విందుల్లో ద్రాక్షారసాన్ని నీళ్లు కలిపి, కొన్నిసార్లు వేడిగా, కొన్నిసార్లు చల్లగా వడ్డించేవారు. రెండూ అతిథికి ఇష్టమైనవే. గోరువెచ్చని నీళ్లు మరో పనికి వచ్చేవి: వాంతి చేయించడానికి వాటిని తాగించమని మొదటి శతాబ్దపు వైద్య రచయిత కెల్సస్ చెప్పాడు. ఇదే గ్రంథాన్ని అందుకున్న ఇతర సంఘాలవారికి, అంటే లవొదికయ నీళ్లను ఎన్నడూ రుచి చూడని ఎఫెసువారికి, పెర్గమువారికి, సార్దీసువారికి కూడా ఈ పోలిక వెంటనే అర్థమై ఉంటుంది.

ఇది చాలా ముఖ్యమైన విషయమని నేను భావిస్తున్నాను. ప్రకటన గ్రంథం రెండు, మూడు అధ్యాయాల్లోని ఏడు లేఖలూ ఏడు సంఘాలకూ కలిపి పంపిన ఒకే గ్రంథంలో ఉన్నాయి. ప్రతి లేఖ చివరా “ఆత్మ సంఘములతో చెప్పుచున్న మాట” అని బహువచనమే ఉంది. ఒక్క పట్టణపు గొట్టాల గురించి తెలిస్తే తప్ప అర్థంకాని మాటను మిగతా ఆరు సంఘాలకు చదివి వినిపించడంలో ప్రయోజనమేముంది? అదీగాక ఈ లేఖే భోజనపు బల్ల దగ్గర ముగుస్తుంది: తలుపు తీసినవాని యొద్దకు వచ్చి “అతనితో నేనును, నాతోకూడ అతడును భోజనము చేయుదుము” అని 20వ వచనం. కక్కివేయవలసి వస్తుందని హెచ్చరించిన నోటితోనే ఆయన కలిసి భోంచేద్దామంటున్నాడు. కోస్టర్ చూపిన ఈ దారిలో చదివాక, లేఖ మొదలుకూ చివరకూ మధ్య ఉన్న బంధం నాకు మొదటిసారి కనిపించింది.

కాబట్టి ఆ తల్లికి నేనిచ్చిన జవాబు నిలిచింది. దానికి నేను చూపిన కారణం నిలవలేదు.

మిగతా “నేపథ్యాలు”

ఈ అనుభవం తరువాత 17, 18 వచనాలకు నేను చెబుతూ వచ్చిన నేపథ్యాలన్నిటినీ అదే కొలతతో చూశాను. తనకు కొదువలేదనుకునే సంఘంతో, తెల్లని వస్త్రాలను, కన్నుల మందును నా దగ్గర కొనుక్కోమని క్రీస్తు చెప్పే వచనాలవి. “నాకేమియు కొదువలేదు” అన్న అతిశయానికి చరిత్రలో బలమైన తోడు ఉంది: క్రీ.శ. 60లో భూకంపం లవొదికయను కూల్చినప్పుడు ఆ పట్టణం రోము సాయం తీసుకోకుండా సొంత ధనంతోనే కోలుకుందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. క్రీ.పూ. 51లో కిలికియకు అధిపతిగా వెళుతూ రోమా రాజనీతిజ్ఞుడు సిసెరో తన డబ్బు మార్పిడికి ఎంచుకున్నది ఈ పట్టణాన్నే. అయినా హోషేయ 12:8లో ఎఫ్రాయిము తన ఐశ్వర్యాన్ని గురించి దాదాపు ఇలాగే అతిశయిస్తుంది గనుక, లేఖనపు ప్రతిధ్వనిని ముందు చెప్పి, భూకంపాన్ని తరువాత చెప్పడమే సరైన వరుస.

లవొదికయ గొర్రెల ఉన్ని కాకిలా నల్లనిదని, మిలేతు ఉన్నికంటే మెత్తనిదని స్ట్రాబో రాశాడు. దానికి పోటీగానే తెల్లని వస్త్రాలు ప్రస్తావించబడ్డాయని నేను చెప్పేవాణ్ణి. కానీ తెల్లని వస్త్రాలు సార్దీసు లేఖలోనూ, సింహాసనం చుట్టూ కూర్చున్న పెద్దల మీదా, హతసాక్షుల మీదా, ఏడో అధ్యాయంలోని గొప్ప సమూహం మీదా కనిపిస్తాయి. నల్ల ఉన్నితో పనిలేకుండానే ఆ గుర్తు అర్థమవుతుంది.

కన్నుల మందు దగ్గర మాత్రం నేను ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే ఇక్కడ మన అనువాదమే ఒక నేపథ్యాన్ని తెచ్చిపెట్టింది. మన పాత తెలుగు బైబిలులో “నీ కన్నులకు కాటుకను” అని ఉంది. కాటుక కంటికి మేలు చేస్తుందని నమ్మిన రోజుల్లో ఆ అనువాదం దూరమైనది కాదు. నేటి పాఠకునికి మాత్రం అది అలంకారంగానే తోస్తుంది. గ్రీకులోని కొల్లూరియోన్ అలంకారం కాదు. చిన్న రొట్టె అని అర్థమిచ్చే మాట అది; ఖనిజాలను, మొక్కల రసాలను జిగురుతో కలిపి చిన్న ముద్దలుగా ఎండబెట్టి, అవసరమైనప్పుడు అరగదీసి కంటికి రాసేవారు. బృందంలో ముగ్గురు ఈ వచనాన్ని ఇన్నాళ్లూ అందంగా కనబడడం గురించిన మాటగా అనుకున్నామని చెప్పారు. “నీకు దృష్టి కలుగునట్లు” అన్న మాట ఆ పక్కనే ఉన్నా, కాటుక అన్న పదం వారి కళ్లముందు వేరే చిత్రాన్ని నిలిపింది.

లవొదికయ ఈ మందుకు ప్రసిద్ధి అన్న మాటను నేను నిశ్చయంగా బోధించేవాణ్ణి. దగ్గరలోనే మేన్ కరూ అనే దేవుని ఆలయం వద్ద వైద్యపాఠశాల ఉండేదని, దానికి జ్యూక్సిస్, అతని తరువాత అలెగ్జాండర్ ఫిలలేథెస్ పెద్దలని స్ట్రాబో రాశాడు. అలెగ్జాండర్ శిష్యుడు దెమొస్థెనెస్ కంటి రోగాలపై పేరుపొందిన గ్రంథం రాశాడు. అయితే లవొదికయలో కంటిమందు తయారై ఎగుమతి అయిందని నేరుగా చెప్పే ప్రాచీన సాక్ష్యం నాకు చిక్కలేదు, పైగా ఆ మందు రోమా సామ్రాజ్యమంతటా వాడుకలో ఉండేది. కంటి వైద్యులు మందు ముద్దల మీద వేసే ముద్రికలు ఎక్కువగా దొరికినవి గాలు (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్ ప్రాంతాల్లో. అందుకే ఇప్పుడు “కావచ్చు” అనే మాట లేకుండా నేను దీన్ని చెప్పను.

ఇలా చూస్తున్నప్పుడే సూదిబెజ్జం ద్వారం గుర్తొచ్చింది. ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడంకంటే ఒంటె సూదిబెజ్జంలో దూరడం సులభమని యేసు చెప్పిన మాటకు ఇచ్చే వివరణ అది. యెరూషలేములో ఆ పేరుతో ఒక ఇరుకు గుమ్మం ఉండేదని, ఒంటె మోకాళ్లమీద వంగి దూరేదని ఎన్నో ప్రసంగాల్లో వింటాం. మొదటి శతాబ్దంలో అటువంటి గుమ్మం ఉన్నట్టు ఆధారం లేదు. “ఆలాగైతే ఎవడు రక్షణపొందగలడు” అని శిష్యులు విస్తుపోయారు గదా. కష్టపడితే దూరగల గుమ్మమైతే వారు అంతగా ఎందుకు విస్తుపోతారు? తప్పుడు నేపథ్యం యేసు మాటలోని పదునును తీసేసింది.

మూడవ, నాలుగవ వారాలు

మూడో వారం మొదట్లోనే, గొట్టాల గురించి నేను చెప్పింది తప్పని చెప్పాను, పటం వేసి కాలువ దిక్కు చూపించాను. ఆ తరువాత పాఠాన్ని కొత్త వరుసలో నడిపాను: ముందు వచనపు అమరిక, తరువాత అవే మాటలు లేఖనంలో ఇతరచోట్ల వాడబడిన తీరు, ఆపైన ఏడు సంఘాలకూ తెలిసి ఉండగల భోజనపు అలవాట్లు, అన్నిటికంటే చివర లవొదికయకే చెందిన స్థానిక వివరాలు. ప్రతి వివరానికీ దాన్ని ఎవరు, ఎప్పుడు రాశారో చెప్పాను. ఊహ అయిన చోట ఊహ అన్నాను. దీనివల్ల పాఠంలో రంగు తగ్గుతుందని భయపడ్డాను గానీ, ప్రశ్నలు మునుపటికంటే ఎక్కువ వచ్చాయి, శ్రద్ధా పెరిగింది.

పాత అర్థాన్నే పట్టుకొని ఉన్నవారు ఇద్దరు చివరివరకు ఉన్నారు. రోమా 12:11 వారికి బలమైన ఆధారం. వారి వాదనను నేను తోసిపుచ్చలేదు. చల్లదనం గురించిన ప్రశ్నకు మాత్రం జవాబు వెదకమని అడిగాను.

ఆ తల్లి నాలుగో వారం పాఠం అయ్యాక ఆగి, “అయితే ప్రభువు నన్ను చల్లబడమనలేదు, పనికొచ్చేలా ఉండమన్నాడు. మా వాడి కోసం ఆ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడా అయ్యగారూ?” అని అడిగారు. ఆ తలుపు మొదట సంఘానిదే, కానీ “ఎవడైనను” అన్న మాట ఒక్కొక్కరి దాకా వస్తుందని చెప్పాను. తరువాతి వారం ఆమె ఇరవయ్యో వచనాన్ని కంఠస్థం చేసి వచ్చారు.

నా పాత పాఠం నేర్చుకొని ఇతర బృందాల్లో బోధిస్తున్నవారు నలుగురున్నారని నాకు తెలుసు. నీటి కాలువ వాక్యాన్ని కొట్టేసిన కొత్త ప్రతిని, కారణాలతో సహా, వారికి పంపించాను. ఇద్దరు జవాబు రాశారు. మిగిలిన ఇద్దరితో నేరుగా మాట్లాడవలసి ఉంది.